స్వీట్ పీ గింజలూ, మా అత్తగారి హస్తవాసీ

మా అత్తగారింట్లో నా కుడిచేతికి ఒక పేరుంది. మంచి పేరు కాదు. హస్తవాసి లేని చెయ్యి అని.

ఆ మాట నా మొహం మీద ఎవరూ అనలేదు. పని దగ్గరికి వచ్చేసరికి మాత్రం తెలిసిపోతుంది. పాలు తోడుపెట్టే వేళకు "నువ్వు పోయి కూర్చోమ్మా, ఆఫీసులో అలిసిపోయి ఉంటావు" అంటారు. ఆఫీసు లేని ఆదివారం కూడా అదే మాట. కొత్త మొక్క ఇంటికి వస్తే దాన్ని కుండీలో పెట్టడానికి ఇంటిల్లిపాదీ పనికొస్తారు, నేను తప్ప. ఆవకాయ కలిపే రోజున వంటింటి గుమ్మం బయట నిలబడి ఉప్పు డబ్బా అందించడం నా పని. ఆ డబ్బాను కూడా అత్తగారు నా వేళ్ళు తగలకుండా అడుగు పట్టుకుని అందుకుంటారు.

దీనికంతటికీ మూలం పెళ్ళయిన కొత్తలో నేను చేసిన రెండు పనులు. మొదటిది, పాలు సలసల కాగుతుండగానే తోడు వేసేశాను. మర్నాడు గిన్నెలో ఉన్నదాన్ని పెరుగు అనడానికి మా ఆయనకు కూడా నోరు రాలేదు. రెండోది, అత్తగారు తిరుపతి వెళ్తూ తులసి కుండీ నాకు అప్పగించారు. నేను ఎంతో శ్రద్ధగా పొద్దున ఒక బిందె, సాయంత్రం ఒక బిందె నీళ్ళు పోశాను. కృష్ణా కాలవ పక్కన పెరిగినదాన్ని, నీళ్ళ దగ్గర పిసినారితనం నాకు చేతకాదు. ఆవిడ లడ్డూలతో తిరిగొచ్చేసరికి తులసి వేళ్ళు కుళ్ళి ఒరిగిపోయి ఉంది. చేసినవి రెండే నేరాలు, పడినది మాత్రం యావజ్జీవ శిక్ష.

అత్తగారి చెయ్యి అలాంటిది కాదు. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో మా అపార్ట్‌మెంటులో సగం ఇళ్ళ పెరుగుకు ఆవిడ తోడే ఆధారం. సాయంత్రం ఏడయితే చిన్న చిన్న గిన్నెలు పట్టుకుని ఆడవాళ్ళు వస్తారు. వాకింగ్‌కి వెళ్ళినప్పుడు ఎవరి ప్రహరీ మీదినుంచో ఒక పుల్ల విరుచుకొచ్చి కుండీలో గుచ్చుతారు. నెల తిరిగేసరికి అది నందివర్ధనమో, మల్లెతీగో అయి కూర్చుంటుంది. ఆవిడ పుట్టినిల్లూ మెట్టినిల్లూ తరాలుగా బెంగళూరే. మామగారు పేటలో గాజుల అంగడి నడిపి విశ్రాంతి తీసుకున్న మనిషి. ఆడవాళ్ళ మధ్య బతుకంతా వ్యాపారం చేశారు కాబట్టి ఏ మాట వినిపించుకోకూడదో ఆయనకు బాగా తెలుసు. ఇంట్లో గొంతులు లేచాయంటే పేపరు పైకి లేస్తుంది.

నేను సాఫ్ట్‌వేర్‌లో టెస్టింగ్ చేస్తాను. ఇతరుల పనిలో తప్పులు వెతకడమే నా ఉద్యోగం. "ఇంట్లో కూడా అదే పని చేస్తాది, జీతం లేకుండా" అని అత్తగారు చుట్టాలకు చెబుతుంటారు. ఆ మాటకు నేను కూడా నవ్వుతాను. చెయ్యి విషయంలో మాత్రం నాకు నవ్వు రాదు.

ఇదంతా ఇలాగే సాగిపోయేది, మా ఆడపడుచు పెళ్ళి కుదరకపోతే. దీపావళి వెళ్ళాక సంబంధం ఖాయమైంది, మాఘంలో ముహూర్తం పెట్టారు. మా అత్తగారి వైపు పాలికలంటే ప్రాణం. పెళ్ళికి కొన్నాళ్ళ ముందే మట్టి మూకుళ్ళలో పుట్టమన్ను నింపి, నానబెట్టిన నవధాన్యాలు ఐదుగురు ముత్తైదువుల చేత చల్లిస్తారు. పెళ్ళి పందిట్లోకి తెచ్చేనాటికి అవి పచ్చగా మొలిచి ఉండాలి. ఎంత ఒత్తుగా మొలిస్తే ఆ జంట కాపురం అంత చల్లగా ఉంటుందని నమ్మకం. అందుకని ఎవరి చేత పడితే వాళ్ళ చేత చల్లించరు.

ఒక సాయంత్రం టిఫిన్ల దగ్గర అత్తగారు వేళ్ళు ముడుస్తూ ఆ ఐదుగురినీ చెప్పారు. ఒకటి తను. రెండు, హొసకోటెలో ఉన్న వాళ్ళ చెల్లెలు. మూడు, దొడ్డబళ్ళాపురంలో మగ్గాలున్న వాళ్ళ వదిన. నాలుగు, మామగారి అక్క. ఐదో వేలు దగ్గర కొంచెం ఆగి, "ఎదురింటి ఆయమ్మ" అన్నారు.

ఎదురు ఫ్లాటావిడ కన్నడావిడ. మొన్న శ్రావణంలో అద్దెకు దిగింది. మా ఇంటి ఇంగువ డబ్బా ఎక్కడుంటుందో కూడా తెలియదు ఆవిడకు. నేను ఈ ఇంటికున్న ఒక్కగానొక్క కోడలిని.

"వదిన వెయ్యదా అమ్మా?" అంది ఆడపడుచు. ఆ పిల్లకు నేనంటే ఇష్టం.

"వదినకి ఫోటోలూ వీడియోలూ చూసుకునే పని ఉండాది కదా" అన్నారు అత్తగారు, నావైపు చూడకుండా, చట్నీ గిన్నెలో గరిటె తిప్పుతూ.

నేను లేచి బాత్రూములోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాను. కోపంతోనే ఏడ్చాను గానీ, కోపం కింద ఉన్నది బాధే. ఇన్నేళ్ళు ఆ పిల్లకు జడలు వేశాను, పరీక్షలకు తోడు కూర్చున్నాను, చీరలు కట్టించాను. దాని పెళ్ళిలో గుప్పెడు గింజలు చల్లడానికి పనికిరానా?

గదిలోకి వచ్చాక మా ఆయన, "అదంతా అమ్మ సెంటిమెంటు, నువ్వు పట్టించుకోకు. చేతిలో ఏముంటుంది, నాన్సెన్స్" అన్నాడు.

"అయితే ఈ పూట పెరుగు నేను తోడేస్తాను, తింటావా?" అన్నాను.

ఇంజనీరైన మా ఆయన ఫోన్ తీసి ఏదో చూడటంలో పడిపోయాడు.

ఆ రోజే నిర్ణయించుకున్నాను. మాటలతో వాదిస్తే లాభం లేదు, ఏదైనా మొలిపించి ఈవిడ ముందు పెట్టాలి. మెంతులు మొలిపిస్తే గొప్పేముంది, అవి సింకులో పడ్డా మొలుస్తాయి. ఎవరికీ సులువుగా లొంగని గింజ కావాలి. శనివారం నర్సరీకి వెళ్ళి అక్కడి అబ్బాయిని అదే అడిగాను. అతను నన్నొకసారి ఎగాదిగా చూసి, పూలబొమ్మ ఉన్న ఒక పాకెట్ తీసి, ఇది అందరి చేతిలోనూ రాదు మేడం అని కన్నడంలో అన్నాడు. ఇంకో మాట లేకుండా రెండు పాకెట్లు కొన్నాను.

దాని పేరు స్వీట్ పీ. బఠాణీ జాతి తీగే గానీ పూల కోసం పెంచుతారు. గులాబి, ఊదా, తెలుపు రంగుల్లో, మంచి వాసనతో పూస్తుంది. చలి అంటే ఇష్టం. వెనకటి బెంగళూరులో బంగళాల కంచెల మీద తెగ పాకేదట. ఒక్క సంగతి మాత్రం జాగ్రత్త. పేరులో తీపి ఉన్నా గింజ తినకూడదు, విషం. పాకెట్ వెనకాల ఆ మాట ఎర్ర అక్షరాలతో వేసి ఉంది.

మొదటి విడత సంగతి చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది. పాకెట్ చింపి, గింజలు తీసి, మట్టిలో పెట్టి, వాషింగ్ మెషిన్ వెనక ఎవరికీ కనపడకుండా దాచాను. ప్రేమగా నీళ్ళు పోశాను. మళ్ళీ పోశాను. కార్తీకం అయిపోయింది, ఒక్క మొలక లేదు. తవ్వి చూస్తే సగం గింజలు నేను పెట్టినట్టే గోధుమరంగులో, గట్టిగా, కందిపప్పులో రాళ్ళలా ఉన్నాయి. మిగతా సగం బూజు పట్టి ముద్దయిపోయాయి. అప్పుడు నాకు నిజంగా భయమేసింది. అత్తగారన్న మాట నిజమేనేమో. ఆఫీసు మీటింగులో ఎవరో ఏదో చెబుతుంటే నేను బల్ల కింద నా అరచెయ్యి చూసుకుంటూ కూర్చున్నాను.

రెండో పాకెట్ ముట్టుకునే ముందు కుదురుగా చదివాను. తప్పు చేతిది కాదు, తొక్కది. స్వీట్ పీ గింజ తొక్క ఎంత గట్టిదంటే నీళ్ళు లోపలికి పోవు. గింజకు ఒక పక్కన చిన్న మచ్చ ఉంటుంది, మొలక వచ్చేది అక్కడినుంచే. ఆ మచ్చకు ఎదురుగా, వెనక వైపు, తొక్కను రవ్వంత గిల్లాలి. తెల్లగా కనపడగానే ఆపెయ్యాలి. ఆ తర్వాత రాత్రంతా నానబెడితే గింజ ఉబ్బుతుంది. ఇంత చిన్న విషయం నాకెవరూ చెప్పలేదు.

మా ఆయన నెయిల్ కట్టర్ తీసుకుని సగం పాకెట్ గింజలు ఓపిగ్గా గిల్లాను. మిగతా సగం దాచాను. ఒకసారి దెబ్బ తిన్నవాళ్ళు ఉన్నదంతా ఒకేసారి పందెంలో పెట్టరు. గిల్లిన గింజల్ని స్టీలు గిన్నెలో నానేసి, పైన ప్లేటు మూసి, వంటింటి గట్టు మీద ఓ మూల పెట్టి పడుకున్నాను. నా తెలివి అక్కడే తెల్లారింది.

ఎందుకంటే అది అనపకాయల కాలం, అనప అంటే ఒక జాతి చిక్కుడు. ధనుర్మాసం వచ్చిందంటే బెంగళూరు ఊరంతా అనపకాయల వాసనే. మా వైపు చిక్కుడుకాయను కాయగానే వండుకుంటాం. వీళ్ళు గింజలు ఒలిచి, రాత్రి నానేసి, పొద్దున్నే ఒక్కో గింజనూ బొటనవేలితో నొక్కి తొక్క ఊడగొడతారు. పప్పు టప్పున ఎగిరి గిన్నెలో పడుతుంది. దాన్ని పితికిపప్పు అంటారు, దాంతో పులుసులాంటి సారు కాస్తారు. పెద్ద పని, ఒక్కరితో కాదు. ఆ ఇంట్లో ఆ నెలల్లో నానిన గింజ కంటపడిందంటే ఆడవాళ్ళ బొటనవేలు దానంతటదే లేస్తుంది. ఆ ముందు రోజే హొసకోటె చిన్నత్త సంచెడు అనపకాయలతో దిగింది. నా చిన్న గిన్నె పక్కన వాళ్ళ పెద్ద గిన్నె కూడా రాత్రి నానింది. నేను చూడలేదు.

పొద్దున నేను లేచి వచ్చేసరికి అక్కచెల్లెళ్ళిద్దరూ హాల్లో చాప మీద కూర్చుని ఉన్నారు. పెద్ద గిన్నె పని అయిపోయింది. అత్తగారి ఒళ్ళో నా స్టీలు గిన్నె ఉంది. పక్కన ప్లేటులో గోధుమరంగు తొక్కలు కుప్పగా పడి ఉన్నాయి.

"ఇవి మా హొసకోటె గింజలు కావు అక్కా. మావి ఇంత సన్నంగా ఉండవు. ఇవి యాడివో" అంటోంది చిన్నత్త.

"కోడలు తెచ్చినట్టు ఉండాది. పాపం ఏదో సాయం చేస్తామని. ఎట్లాంటి గింజలు తెచ్చినాదో చూడు, నా బొటనవేలు పోయినాది" అని అత్తగారు చివరి గింజను టప్పుమనిపించి, నన్ను చూసి నవ్వారు. "ఏమ్మా, లేస్తివా? సారులోకి ఏసేస్తా ఉండా."

"అత్తయ్యా, వద్దు! అవి విషం!"

నేనింకా నెమ్మదిగా చెప్పి ఉండాల్సింది. మామగారి పేపరు కిందికి దిగింది. ఇన్నేళ్ళలో ఆయనకు మొదటిసారి ఒక మాట వినిపించింది.

"విషమా?" అంది చిన్నత్త, రెండు చేతులూ గాల్లోకి ఎత్తి. "విషం ఏంటికమ్మా వంటింట్లో నానేసినావు?"

"పూల కోసం."

"పూలకి విషం నానేస్తారా?"

ఆ పొద్దున చిన్నత్త చేతులు సబ్బుతో కడిగింది, చింతపండుతో తోమింది, పసుపు రాసుకుంది. తర్వాత ఫోన్ తీసుకుని బాల్కనీలోకి వెళ్ళింది. మధ్యాహ్నానికి హొసకోటె నుంచి దొడ్డబళ్ళాపురం దాకా ఒకటే వార్త, అక్క కోడలు వంటింట్లో విషం నానబెట్టిందని. పెళ్ళయ్యేదాకా ఆ వైపు చుట్టాలెవరూ నేనిచ్చిన కాఫీ మొదటి గుక్క తాగలేదు. నేను తాగాక తాగారు.

అత్తగారి మొహం చిన్నబోయింది. "చెప్పింటే నేను ముట్టుకుంటానా?"

"చెప్తే నువ్వేం మొలిపిస్తావులే అంటారు కదా!" నాకు అప్పటికి కోపం నెత్తికెక్కింది. గిల్లిన శ్రమంతా తొక్కలై ప్లేటులో ఉంది మరి. "పాలికలు వేయడానికి ఎదురింటావిడ చెయ్యి పనికొస్తుంది, నా చెయ్యి పనికిరాదు. మీది మంచి చెయ్యి కదా. తొక్క ఊడగొట్టింది మీరే, వీటిని మొలిపించండి చూద్దాం."

అనేశాక నాలుక కరుచుకున్నాను. కానీ చిన్నత్త వదలదు కదా. "ఎందుకు మొలిపించదు? మా అక్క రాయి నాటినా మొలుస్తాది" అంది.

అత్తగారు లేచి చీర దులుపుకుని, గిన్నె పట్టుకుని బాల్కనీలోకి వెళ్ళారు. నేను ఆఫీసునుంచి తెచ్చి దాచిన కాఫీ కప్పులు, కాగితపువి, అక్కడే ఉన్నాయి. ఒక వరుస కప్పుల్లో మట్టి నింపి, తొక్క తీసిన గింజల్ని ఒక్కొక్కటే కళ్ళకద్దుకుని పెట్టారు.

నేను దాచిన సగం పాకెట్ తీశాను. ఈసారి గిన్నె మా గదిలోనే, బట్టల అలమరాలో నానింది. దాని మీద తెలుగులో, కన్నడంలో 'తినకూడదు' అని రాసి అంటించాను. పొద్దున చూస్తే చాలా గింజలు బాగా ఉబ్బాయి, కొన్ని ఉబ్బలేదు. ఉబ్బనివాటిని మళ్ళీ కాస్త గిల్లి ఇంకో పూట నానేశాను. కప్పుల అడుగున చిల్లులు పెట్టి, వేలి కణుపంత లోతున గింజ పెట్టి, మట్టి కప్పి, ఒక్కసారి నీళ్ళు చిలకరించాను. స్వీట్ పీ వేరు లోతుకు పోతుంది, అందుకే కప్పులు పొడుగ్గా ఉండాలి. పావురాలు పీకకుండా పైన పాత దోమతెర ముక్క కప్పాను. ఇక ముట్టుకోకూడదు. అదీ అసలు కష్టం. చెంబు పట్టుకుని బాల్కనీ దాకా వెళ్ళి, ఊరుకుని వెనక్కి రావడం నేను అప్పుడు నేర్చుకున్నాను.

అత్తగారు తన కప్పుల్ని చంటిపిల్లల్లా చూసుకున్నారు. పొద్దుటి ఎండకు ఇటు జరిపేవారు, మధ్యాహ్నం అటు జరిపేవారు. అభిషేకం పాలు కడిగిన నీళ్ళు పోసేవారు. నేను చూడట్లేదనుకుని చిటికెనవేలితో మట్టి కదిపి లోపలికి చూసేవారు. నేను కూడా ఆవిడ చూడట్లేదనుకుని ఆవిడ కప్పుల్లోకి చూసేదాన్ని. మా ఇద్దరినీ మామగారు పేపరు పైనుంచి చూసేవారు.

ఒక చలి పొద్దున, పళ్ళు తోముకుంటూ బాల్కనీలోకి వెళ్తే, నా కప్పుల్లో ఒకదాంట్లో మట్టి పగిలి ఉంది. పగులులోంచి ఆకుపచ్చగా, మెడ వంచుకున్న మొలక. దాని పక్క కప్పులో ఇంకోటి. నోట్లో పేస్టుతోనే కేక పెట్టాను. మా ఆయన, ఆడపడుచు పరుగెత్తుకొచ్చారు. నేను గంతులేశాను. మధ్య వయసు ఆడదాన్ని, నైటీలో, నురగ కారుతుండగా గంతులేశాను. ఎదురు బ్లాకులో వాళ్ళు చూశారు. చూడనీ.

అత్తగారు నెమ్మదిగా వచ్చి కళ్ళజోడు పెట్టుకుని వంగి చూశారు. "బాగుండాయి" అన్నారు. తన కప్పులవైపు ఒకసారి తిరిగారు. వాటిలోంచి అప్పటికే కుళ్ళు వాసన వస్తోంది. లోపలికి వెళ్ళిపోయారు.

తర్వాతి రోజుల్లో నా కప్పులన్నీ మొలిచాయి, ఒకటో రెండో తప్ప. నేను ఇంట్లో తల ఎత్తుకుని తిరిగాను. ఓ సాయంత్రం అత్తగారు పాలగిన్నె నా ముందు పెట్టి, "తోడు నువ్వు వెయ్యమ్మా" అన్నారు. నేను వేలు పెట్టి వేడి చూసి, గోరువెచ్చగా ఉన్నప్పుడే వేశాను. మర్నాడు పెరుగు గడ్డలా తోడుకుంది. అత్తగారు దాన్ని చూసి తల ఊపారు గానీ వడ్డించుకోలేదు.

ఆ మర్నాడు హాల్లో కూర్చుని లాప్‌టాప్‌లో పనిచేసుకుంటుంటే, అత్తగారు నా ఎదురుగానే చెల్లెలికి ఫోన్ చేశారు. దాచుకోవాలని కూడా అనిపించనంత నీరసంగా ఉంది గొంతు.

"నా చెయ్యి పోయినాది చిన్నీ. ఒక్కటంటే ఒక్క గింజ రాలేదు. కుళ్ళిపోయినాయి. బిడ్డ పెండ్లి ముందర ఇట్ల అయినాది. పాలికల్లో నేను వెయ్యనులే. వద్దు. ఏమన్నా అయితే నా బిడ్డ కాపురం కదా. కోడలు ఏస్తాది. దాని చెయ్యి బాగుండాది ఇప్పుడు."

ఇన్నేళ్ళుగా నేను కోరుకున్నది అదే. అక్షరాలా అదే. అయినా చేస్తున్న పని ఆపేశాను. కూతురి పెళ్ళిలో తల్లి ఓ పక్కన కూర్చుని చూస్తూ ఉంటే నేను వెళ్ళి గింజలు చల్లాలా? గుమ్మం బయట నిలబడితే ఎలా ఉంటుందో ఆ ఇంట్లో నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

ఫోన్ పెట్టెయ్యగానే వెళ్ళి ఆవిడ పక్కన కూర్చున్నాను. "అత్తయ్యా, మీ చేతికేమీ కాలేదు. తొక్క మొత్తం తీసేస్తే ఏ గింజయినా తడికి కుళ్ళిపోతుంది. పప్పు మొలవదు కదా, గింజ మొలుస్తుంది. ఎవరు పెట్టినా అంతే."

గాజుల అంగడి వాళ్ళ ఇల్లు అది. ఎదుటివాళ్ళ మాటకు కొస ఎక్కడుందో పట్టుకోవడం ఆవిడకు బాగా వచ్చు.

"అయితే నావి కుళ్ళింది నా చేతివల్ల కాదంటావు."

"కాదు."

"మరి నీవి మొలిచింది?"

నా ఉద్యోగంలో ఇలాంటివి పట్టుకున్నందుకే నాకు జీతమిస్తారు. హస్తవాసి అనేదే ఉంటే నాకు వచ్చింది, ఆవిడకు పోయింది. లేకపోతే ఎవరికీ ఏదీ లేదు. మొన్న పొద్దున గంతులేసి సంపాదించుకున్న పేరు, ఇంకా వారం కూడా కాలేదు, దాన్ని నా నోటితో నేనే తుడిచెయ్యాలి.

"అదీ నా చేతివల్ల కాదు అత్తయ్యా" అన్నాను. "నెయిల్ కట్టర్ వల్ల."

"నీ చేతిలో ఏమీ లేదంటావా?"

"ఏమీ లేదు."

"ఒట్టు?"

"ఒట్టు."

నేను కొంచెం బాధగా చెప్పాను. ఆవిడ మాత్రం ఆ మాట బాధగా వినలేదు. మొహంలోకి నెత్తురు తిరిగొచ్చింది. "అట్ల చెప్పు మరి! నేను ఎంత బాధ పడితిని!" అని వెంటనే ఫోన్ అందుకున్నారు. "ఏమే చిన్నీ, విను. ఆ యమ్మి చేతిలో ఏమీ లేదంటనే! ఒట్టు కూడా పెట్టినాది. గోర్లు కత్తిరించేదాని మహిమంట."

ఆ సాయంత్రం పాలు ఆవిడే తోడుపెట్టారు. "నువ్వు పోయి కూర్చోమ్మా, అలిసిపోయి ఉంటావు" అన్నారు. నేను వెళ్ళి కూర్చున్నాను. నాలో నేను ఉడికిపోయాను. మంచితనానికి పోతే ఉన్న పేరు ఊడింది అంటే ఇదే.

పాలికల రోజు ఇల్లంతా పసుపు, సాంబ్రాణి. పుట్టమన్ను ఈ కాలంలో పూజ సామాన్ల అంగట్లో కవర్లో దొరుకుతుంది, అది మూకుళ్ళలో నింపి వరుసగా పెట్టారు. ఎదురింటావిడ పట్టుచీర కట్టుకుని అందరికంటే ముందే వచ్చేసింది. నేను నాకు అప్పజెప్పిన పని మీద ఉన్నాను, ఫోన్ పైకెత్తి వీడియో. అత్తగారు మొదటి మూకుడులో నవధాన్యాలు ధీమాగా చల్లారు. తర్వాత చిన్నత్త. తర్వాత మిగతావాళ్ళు. నాలుగు మూకుళ్ళు అయ్యాయి. ఎదురింటావిడ కొంగు సర్దుకుని ముందుకు వంగింది.

"ఒక నిమిషం" అన్నారు అత్తగారు. ఆవిడకు తాంబూలం పళ్ళెం అందించి, "మీరు అందరికీ బొట్టు పెట్టండమ్మా, అది పెద్ద పని" అని కన్నడంలో చెప్పారు. తర్వాత నావైపు తిరిగారు. "ఆ ఫోను ఎవరికన్నా ఇచ్చి రా."

నేను కదలలేదు. "నా చేతిలో ఏమీ లేదు కదా అత్తయ్యా" అన్నాను. ఆ మాటలో కారం ఉంది, దాచలేదు.

"నీ చేతిలో లేదు, నా చేతిలో లేదు అంటివి. అట్లయితే నేను ఏస్తే ఏమి, నువ్వు ఏస్తే ఏమి? రా" అన్నారు. నేను వచ్చి కూర్చున్నాక గొంతు తగ్గించి, "నీళ్ళు మాత్రం నేను పోస్తా" అన్నారు.

ఆడపడుచు నా ఫోన్ అందుకుంది. నేను గిన్నెలో చెయ్యి పెట్టాను. నానిన గింజలు చల్లగా, జారుతూ వేళ్ళ మధ్యకి వచ్చాయి. చల్లేటప్పుడు మూకుడు అంచు దాటి రెండు గింజలు బయట పడ్డాయి. చిన్నత్త ఏదో అనబోయింది. అత్తగారు వాటిని తీసి మూకుట్లో వేసి మట్టి కప్పేశారు.

ఇక ఆ తర్వాత పెళ్ళిదాకా నా అవస్థ చెప్పలేను. చేతిలో ఏమీ లేదని ఒట్టు పెట్టినదాన్ని, ఆఫీసుకు వెళ్ళేముందు ఒకసారి, వచ్చాక ఒకసారి, అన్నం మధ్యలో ఎంగిలి చేత్తో ఒకసారి, దేవుడి గదిలో పాలికల మీద కప్పిన గుడ్డ ఎత్తి చూసేదాన్ని. నా మూకుడు ఒక్కటే మొలవకపోతే? ఆ పిల్ల కాపురానికి ఏదో అయితే? తొక్క గురించి, తేమ గురించి నాకు తెలిసిన చదువంతా ఆ గుడ్డ ముందు ఎందుకూ పనికిరాలేదు. దేవుడి పటాలకు ఎన్నడూ దణ్ణం పెట్టుకోని నేను ఆ రోజుల్లో వాటికి కూడా పెట్టుకున్నాను.

పెళ్ళి పొద్దున పందిట్లో పాలికలు తెచ్చి పెట్టారు. గుడ్డ తీశారు. ఐదూ మొలిచాయి. నాలుగు బాగున్నాయి. ఐదోదాంట్లో పెసలూ మినుములూ ఒకదాన్నొకటి తోసుకుంటూ మూకుడు అంచు దాటి పైకి లేచి ఉన్నాయి. దొడ్డబళ్ళాపురం ఆవిడ వంగి చూసి, "ఇదెవరిదప్పా? ఇంత ఒత్తుగా ఉండాది!" అంది.

అత్తగారు కూతురి పక్కన కూర్చుని ఉన్నారు. భజంత్రీలు మోగుతున్నాయి. వాటిని మించి వినపడేలా గొంతెత్తారు.

"మా కోడలిది. దాని హస్తవాసి అట్లాంటిది!"

నేను చెప్పాల్సింది చాలా ఉంది. పెసలు ఎవరు వేసినా మొలుస్తాయి. నీళ్ళు పోసింది నేను కాదు. హస్తవాసి అంటూ ఏదీ లేదని మనిద్దరమూ ఒప్పుకున్నాం కదా. కళ్ళు తుడుచుకున్నాను గానీ ఒక్క ముక్క కూడా అనలేదు. చిన్నత్తకు ఆ గోలలో సరిగ్గా వినిపించక "ఎవరిదీ?" అని మళ్ళీ అడిగింది. అత్తగారు ఆ మాట రెండోసారి అనేదాకా నేను అక్కడినుంచి కదల్లేదు.